కడిగి తెచ్చిన దుబ్బు

మా ల్యాబ్ బండి ఇంజను ఆపినా లోపల ఏదో ఒకటి గుర్రుమంటూనే ఉంటుంది. ఇన్వర్టరో, చిన్న ఫ్రిజ్జో, మైక్రోస్కోపు బల్ల దగ్గరి ఫ్యానో. నాదీ అదే గుణమని మా డ్రైవరు గారి అభిప్రాయం. ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం ముందు కూర్చోలేక స్టీరింగు పట్టుకున్న మనిషి ఆయన. అరవైకి దగ్గరపడ్డారు. నన్ను "అమ్మా" అంటూనే వెనకాల "అండీ" కూడా తగిలిస్తారు. నేను తలుపు తీసి దిగి, ఎక్కి, మళ్లీ దిగుతుంటే, "బండి ఆగిందండీ అమ్మా, ఇంక మీరు కూడా ఆగండి" అంటారు.

ఆగలేను. చిన్నప్పుడు దెందులూరు పక్కన మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా ఒక కాలు ఊపుతూనే ఉండేదాన్నట. ఉద్యోగం కూడా కాలు నిలవని ఉద్యోగమే దొరికింది. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో బయల్దేరడం, రోజుకు రెండు మూడు ఊళ్లు తిరగడం, పంచాయతీ ఆఫీసు ముందో రైసుమిల్లు గోడ నీడలోనో బండి ఆపడం, రైతులు తెచ్చిన ఆకునో వేరునో అక్కడికక్కడే పరీక్ష చేసి, తెగులు పేరూ చెయ్యాల్సిన పనీ చీటీ మీద అచ్చువేసి చేతిలో పెట్టడం. మునుపు శాంపిలు పట్నం పంపితే జవాబు వచ్చేసరికి చేను కోతకొచ్చేది. ఇప్పుడు అరగంట. ఆ అరగంటంటే నాకు మహా గర్వంగా ఉండేది. ప్రింటరులోంచి చీటీ జరజరా బయటికొస్తుంటే ఆ పంట నేనే పండించినంత సంబరపడేదాన్ని.

ఒక్కటే చికాకు. మా వైపు జనం ఆఫీసులో మనిషిని కాదనరు. "ఆకు అంచు నుంచి ఎండుతోందా?" అని అడిగితే "ఎండుతోందండీ" అంటారు. "మధ్యలో మచ్చలున్నాయా?" అంటే "ఉన్నాయండీ" అంటారు. రెండూ ఒక మొక్కకే ఉన్నాయా అంటే, మనం ఏదంటే అదేనన్నట్టు నవ్వి ఊరుకుంటారు. అడిగిన మనిషి చిన్నబుచ్చుకోకూడదు, అంతే. నేనూ ఈ నీళ్లు తాగి పెరిగినదాన్నే కాబట్టి ఈ 'అండీ'ల వెనకున్నదంతా నాకు తెలుసనుకునేదాన్ని. బయటి నుంచి వచ్చిన ఆఫీసర్లకు నేనే విడమరిచి చెప్పేదాన్ని కూడా.

ఇదంతా రెండేళ్ల కిందటి దాళ్వాలో జరిగింది. దాళ్వా అంటే మాకు ఎండాకాలంలో పండే వరి, వానల్లో పండేది సార్వా. గణపవరం దాటి కొల్లేటి వైపు దిగే దారిలో, పంటకాలవ ఇంక ముందుకు పోలేక ఆగిపోయే చోట ఒక ఊరుంది. కాలవ శివారు కాబట్టి పైనున్న ఊళ్లన్నీ తాగి వదిలిన నీళ్లే దానికి దక్కుతాయి. ఆ ఊళ్లో సగం వరి, సగం చెరువులు. ఈ సగానికీ ఆ సగానికీ మధ్య గీత ఏడాదికోసారి వరి వైపు జరుగుతూ ఉంటుంది.

ఆరోజు ఆ ఊళ్లో మా బండి ఎక్కిన నాలుగో మనిషి ఆవిడ. యాభై దాటి ఉంటాయి. చెప్పులు రోడ్డు మీదే విడిచి, బండిలోకి ఒక కాలు పెట్టి, "రావచ్చాండీ?" అని అడిగి మరీ రెండో కాలు పెట్టింది. చేతిలో ఉతికిన తువ్వాలు. దాంట్లో చుట్టి ఒక వరి దుబ్బు తెచ్చింది. విప్పి చూద్దును కదా, వేర్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. ఇసుమంత మట్టి లేకుండా కడిగి, ఎండిన పోచలు ఏరేసి, గోంగూర కట్టలా అరటినారతో కట్టి తెచ్చింది.

"ఇలా కడగకూడదు పిన్నిగారూ, మట్టితోనే తేవాలి" అన్నాను.

"బురద మీ బల్ల మీద ఎలా పెడతామండీ" అంది ఆవిడ, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

నవ్వొచ్చింది. దుబ్బు అందుకుంటూ, "మీ చేలోదేనా?" అని అడిగాను. అది రూలు. ప్రతివాళ్లనీ అడగాలి.

"మన చేలోదేనండీ" అంది.

నేను ఆకు చూస్తున్నాను కానీ ఆవిడ నన్ను చూస్తోంది. ఏం అడక్కుండానే చెప్పుకుపోయింది. ఎకరన్నర కౌలుకి చేస్తున్నారు. భూమి గల ఆసామి ఏలూరులో ఉంటారు. చేనుకి తూర్పున గట్టు దాటితే రొయ్యల చెరువు. ఆ చెరువు చేసే అతను ఈ ఎకరన్నర కూడా కలిపేసుకుంటానని ఆసామి చుట్టూ తిరుగుతున్నాడు. "ఈ దాళ్వా చూసి చెబుతానన్నారండీ ఆసామి గారు. పండితే మాకే ఉంచుతానన్నారు. పండకపోతే చెరువుకిచ్చేస్తారండీ. పెళ్లయి వచ్చిన కాణ్ణించీ ఆ చేలోనే ఊడుస్తున్నానండీ నేను" అంది. నాకు జాలి వేసింది. జాలి వేస్తే నాకు ఇంకా తొందర పుడుతుంది.

ఆకు అంచుల వెంట గడ్డిరంగు చారలు, అలలు అలలుగా. చూడగానే బాక్టీరియా ఎండాకు తెగులు అనిపించింది. ఒక ముక్క కత్తిరించి గాజు గ్లాసులో మంచినీళ్లలో ముంచాను. ఒక్క నిమిషానికే కోసిన చోటి నుంచి పాలలాంటి తీగ ఒకటి కిందికి జారింది. అదే ఆ తెగులు గుర్తు. పరీక్ష పట్టీ మీద కూడా రెండు గీతలు పడ్డాయి. దాళ్వాలో ఈ తెగులు అంతగా రాదే అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. మొన్నీమధ్య గాలివాన పడింది కదా, దాని పుణ్యమే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గ్లాసు పైకెత్తి ఆవిడకి చూపించాను. "చూశారా, అదీ మీ శత్రువు" అన్నాను. నా గొంతులో ఉన్నది గర్వం తప్ప ఇంకోటి కాదు.

ట్యాబ్‌లో వివరాలు నింపుతుంటే 'పొలం చూశారా?' అనే గడి వచ్చింది. అవును అని నొక్కకపోతే అది ముందుకి కదలదు. చేను అక్కడికి మైలున్నర, గట్ల మీద నడవాలి. గణపవరం దగ్గర ఇంకో ఊరివాళ్లు మా కోసం చూస్తున్నారు. అవును అని నొక్కాను. అప్పటికి ఆ గడిని నేను అలా ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియదు.

"యూరియా ఆపెయ్యండి. చేలో నీళ్లు మొత్తం తీసేసి ఆరగట్టండి" అని చీటీ చేతిలో పెట్టాను.

"నీళ్లు తియ్యాలాండీ?" అంది.

"తియ్యాలి."

"మొత్తమాండీ?"

మా వాళ్లు ఒక మాట రెండోసారి అడిగారంటే లోపల ఏదో ఉందన్నమాట. నాకు తెలుసు. తెలిసీ విసుక్కున్నాను. "మొత్తం పిన్నిగారూ. ఆ తెగులు నీళ్లలోంచే పాకేది" అన్నాను.

"అలాగేనండీ" అని చీటీని తువ్వాల్లో దుబ్బు పెట్టుకొచ్చిన చోటే పెట్టుకుని, దిగి చెప్పులేసుకుంది.

పదిహేను రోజులకి మళ్లీ ఆ ఊరి వంతు వచ్చింది. ఆవిడ వస్తుందని నేను తలుపు వైపు చూస్తూనే ఉన్నాను. రాలేదు. ఆవిడకి బదులు నలభై ఏళ్ల మనిషి ఒకాయన చేతిలో అరటిగెల పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "మీరు చేసిన మేలు మర్చిపోలేమండీ మేడంగారూ. చెప్పినట్టే నీళ్లు తీశాను. చేను ఎంచక్కా తేరుకుందండీ" అన్నాడు.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఏ చేను, ఎప్పుడు చెప్పాను అని అడిగాను.

"మా వదినగారు మొన్న తెచ్చారు కదండీ దుబ్బు. అది మా చేలోదేనండీ."

కూర్చున్న స్టూలు మీంచి లేచిపోయాను. "ఆవిడ తన చేలోదే అన్నారే!"

"వాళ్లదీ మాదీ ఒకటేనండీ, మా అన్నయ్య చేను, నా చేను. నాది కాలవ పైన, వాళ్లది కింద చెరువు పక్కన. వాళ్ల చేలో తెగులు సరిగ్గా కనబడట్లేదండీ. ఆకు కొస మాడినట్టుంది, మొక్క గిడసబారింది అంతే. అలాంటిది తెచ్చి మీ ముందు పెడితే ఏం బాగుంటుందని, నా చేలో బాగా కనబడేది ఏరి పట్టుకొచ్చారండీ."

కడిగి, పోచలేరి, అరటినారతో కట్టి తెచ్చిన మనిషి, ఉన్నవాటిలో మంచిది ఏరి తేక ఏం చేస్తుంది? ఇంటికొచ్చినవాళ్లకి చెక్కిన మామిడిపండు పెడతారు గానీ దెబ్బతగిలినది పెడతారా? 'మీ చేలోదేనా' అని నేనడిగితే 'మన చేలోదే' అంది. మా చేలోది అనలేదు. 'మా'కీ 'మన'కీ మధ్య ఎంత దూరముందో నాకు తెలియదా! మా ఇంటికి దారి అడిగినవాళ్లతో 'మన ఇల్లే, రండి' అంటాం మేం. ముక్కూమొహం తెలియని మనిషి గేదె కాలవలో పడితే 'మన గేదె' అని పరిగెడతాం. ఆవిడ అబద్ధమాడలేదు. అడిగేది అడిగి వినాల్సింది వినకుండా పోయినదాన్ని నేను.

డ్రైవరు గారు ఏదో అడుగుతున్నారు. నేను సొరుగులోంచి నీళ్లలో ఉప్పు చూసే మీటరు తీసుకుని దిగి నడుస్తున్నాను. నడవడం కాదు, పరుగే. గట్టు మీద రెండుసార్లు జారాను. ఒక చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేశాను. ఆకు కొస మాడి, మొక్క గిడసబారి, పక్కనే రొయ్యల చెరువుంటే అది ఉప్పే. ఉప్పు తగిలిన చేలో మంచినీళ్లు నిలవుంచాలి, ఉప్పు పలచబడేదాకా పెట్టి తీసి పెట్టాలి. అలా కాకుండా నీళ్లు తీసి ఆరగడితే ఆ ఉప్పంతా పైకొచ్చి వేరుని కాల్చేస్తుంది. ఇది మొదటి ఏడాది చదువులోనే చెబుతారు. ఎండాకు తెగులుకి చెప్పిన మందు, ఉప్పు తగిలిన చేనుకి విషం. నా అనుమానం తప్పు కావాలని, ఆవిడ నా మాట వినకుండా ఉండాలని దారి పొడుగునా కోరుకున్నాను. వినని రైతుల్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో అన్నిసార్లూ ఆ మైలున్నరలో దండం పెట్టుకున్నాను.

ఆవిడ విన్నది. చీటీలో ఉన్నదంతా ఉన్నట్టు చేసింది. చెరువు వైపు అరెకరం గడ్డి రంగులోకి తిరిగిపోయి ఉంది. నేల నెర్రెలిచ్చింది. నెర్రెల అంచున తెల్లటి పొడి, వేలితో తీస్తే అంటుకుంటోంది. మిగతా చేను చావలేదు, బతకలేదు. ఆవిడ గట్టు మీద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"చీటీలో రాసినట్టే చేశానండీ" అంది.

చెరువు గట్టు కింద ఊట నీళ్లలో మీటరు ముంచాను. వరి తట్టుకునేదానికి రెండింతలు ఉంది ఉప్పు. రొయ్యల కోసం ఉప్పు బోరు నీళ్లు నింపిన చెరువు, గట్టు కింద నుంచి లోపలికి ఊరుతోంది. ఈ మీటరు ఆరోజు కూడా సొరుగులోనే ఉంది.

"తెగులు కాదు పిన్నిగారూ. ఉప్పు తగిలింది" అన్నాను.

ఆవిడ మీటరు వంక చూసింది. "మా ఆయన కూడా ఆమాటే అన్నాడండీ. చెరువులమీద రొయ్యల పట్టుబడికి పోతాడు కదండీ, అతనికి తెలుసు. చేలో నీళ్లు నాలిక మీద వేసుకుని ఉప్పగా ఉన్నాయి, నీళ్లు తియ్యొద్దే అన్నాడండీ. మేడంగారి మిషను కంటే నీ నాలిక ఎక్కువా అన్నాను నేను." మళ్లీ తనే అడిగింది. "అయితే నీళ్లు తియ్యకుండా ఉండాల్సిందాండీ?"

ఈ ప్రశ్నకి ఒక్కటే జవాబు. ఒక్క మాట. అది నా నాలిక చివర దాకా వచ్చింది. నేను నీళ్లు నమిలాను. నమిలి, "మీరు తెచ్చిన శాంపిలు మీ చేలోది కాదుగా పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ ముఖం మారింది. "అవునండీ. నాదే తప్పండీ" అంది.

నేను కాదనలేదు.

ఆ తర్వాత వారం నేను చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. కాలవ నీళ్లు వదిలే లస్కరు ఇంటికి రెండుసార్లు వెళ్లాను. శివారుకి నీళ్లు వచ్చే వంతు ఇంకా ఐదు రోజులుంది. బతిమాలి, గొడవపడి, ఒక పూట నీళ్లు ముందే ఇప్పించాను. ఆవిడ మరిది తన చేను గట్టు తెగ్గొట్టి పైనుంచి మంచినీళ్లు దింపాడు. నిలవుంచి తీశారు, మళ్లీ పెట్టారు. నేను బండి రూటు మార్చి మార్చి ఆ ఊరి మీదుగా పోయేలా చేశాను. ఎక్కడ ఆగినా నా మనసు ఆ గట్టు మీదే. మైక్రోస్కోపులో కన్ను పెడితే తెల్లటి పొడి కనబడేది. అన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మూసేసేదాన్ని. ఇంట్లోవాళ్లు ఏం మాట్లాడినా కసురుకునేదాన్ని. ఇదంతా చేనుని బతికించడానికే అనుకునేదాన్ని. అందులో చాలా భాగం ఆ ఒక్క జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికని ఇప్పుడు తెలుస్తోంది.

కాలవ వైపు చేను తిప్పుకుంది. కొత్త పిలకలు వేసింది. చెరువు వైపు అరెకరం మాత్రం పోయింది.

ఒకరోజు మరిది ఫోను చేశాడు. ఆసామి గారు రేపు పొద్దున్న వస్తున్నారనీ, చెరువు చేసే అతన్ని కూడా రమ్మన్నారనీ, చేను కొలుస్తారనీ చెప్పాడు. "ఎవరు పంపారో గానీ మీ చీటీ ఫోటో ఆసామిగారి ఫోనులో ఉందండీ. తెగులు చేను, చేసేవాళ్లకి చేతకాలేదు అంటున్నారంటండీ" అన్నాడు.

ఆఫీసుకి పంపేసిన చీటీ దిద్దడానికి ట్యాబ్‌లో వీలు లేదు. డ్రైవరు గారు విని, "చేత్తో రాయడానికి కూడా వీలు లేదాండీ అమ్మా?" అని మాత్రం అన్నారు. తెల్లకాగితం తీసి రాశాను. ఇది తెగులు కాదు, పక్క చెరువు నుంచి ఉప్పునీరు ఊరి చేను దెబ్బతిన్నది, కౌలుదారుల తప్పు లేదు అని రాసి సంతకం పెట్టాను. రాస్తుంటే చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది. తప్పెవరిదో దొరికింది. చెరువుది. పొద్దున్నే గణపవరం రోడ్డు మీద బండిలో పోతుంటే ఆ కాగితం బ్యాగులో ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను.

ఆసామి గారు నేననుకున్న మనిషి కాదు. కేకలు వేసే మనిషైతే బాగుండేదేమో. తెల్లచొక్కా, కళ్లజోడు, పంచె చెంగు బురదకి ఎత్తి పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. "ఏవండీ, మీరేనాండీ బండి మేడంగారు? ఎండలో శ్రమ తీసుకున్నారు" అన్నారు. ఆవిడ కొంచెం దూరంగా, మరిది పక్కన నిలబడి ఉంది. వాళ్లాయన పట్టుబడికి వెళ్లాడట. చెరువు చేసే అతను టేపు పట్టుకుని గట్టు చివర కాచుకుని ఉన్నాడు.

కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. మడిచి, చేనంతా ఒకసారి కలియజూశారు.

"అంటే భూమిలో ఉప్పు దిగిపోయిందన్నమాట అండీ" అన్నారు నిదానంగా. "వీళ్ల తప్పు లేదని మీరు రాశారు, సంతోషమండీ. నాకూ మనసులో పీకుతూనే ఉంది. కానీ ఉప్పు పట్టిన భూమిలో వరి ఏం పండుతుందండీ? ఇంక చెరువుకే ఇవ్వాలి. వేరే దారేముంది?"

నా తల కొట్టేసినట్టయింది. ఆవిడకి మేలు చేస్తున్నాననుకుని నేనే ఆ భూమిని తీసుకెళ్లి చెరువులో పెట్టాను. రాసిన ప్రతి అక్షరం నిజం. రాయకుండా మింగిన ఒక్క వాక్యం ఆ నిజాన్నంతా తిరగేసింది. చెరువు చేసే అతను టేపు కొస పట్టుకుని అప్పుడే ఒక అడుగు ముందుకేశాడు.

"కాదండీ" అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది. "భూమి పాడవలేదండీ. గట్టు పక్కన నాలుగు బారల మేర ఉప్పు తగిలింది, అంతే. మంచినీళ్లు నిలవుంచి ఉంటే మిగతాదంతా బతికేది. నీళ్లు తియ్యమన్నది నేను. చేను చూడకుండా చూశానని రాసి, వేరే చేలో మొక్కకి పరీక్ష చేసి, ఈ చేనుకి చీటీ ఇచ్చాను. ఎండగట్టింది నా చీటీయేనండీ. ఉప్పు కాదు."

ఆసామి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీళ్లు తీయకపోతే పండేదాండీ?"

"పండేదండీ."

"ఆ మాట కూడా రాస్తారాండీ?"

రాశాను. ఆయన చేతిలోంచి తీసుకుని, బ్యాగు మీద పెట్టి, అదే కాగితం కింద, చెమటకి తడిసిన వేళ్లతో. నా ఉద్యోగం ఏమవుతుందో అన్న భయం అప్పుడు కలిగింది, నిజం చెప్పాలి. అయినా రాశాను. సంతకం రెండోసారి పెట్టాను. ఆయన తీసుకుని జేబులో పెట్టుకుని, చెరువు చేసే అతని వైపు తిరిగి, "టేపు చుట్టెయ్యవయ్యా. భూమి బాగానే ఉందంటున్నారు" అన్నారు. తర్వాత ఆవిడతో, "చెరువు గట్టు వెంబడి ఒక మురుగు బోదె తవ్విస్తానమ్మా. ఊట దాంట్లోకి పోతుంది. వచ్చే సార్వాకి కూడా మీరే చేసుకోండి" అన్నారు.

ఆవిడ ఆయనకి దండం పెట్టింది. మరిది సంతోషం పట్టలేక ఆసామి గారి వెంట రోడ్డు దాకా వెళ్లాడు. గట్టు మీద ఆవిడా నేనూ మిగిలాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది కానీ, అనుకున్నాను.

ఆవిడ నా వంక చూడకుండా చేను వంకే చూస్తూ మాట్లాడింది.

"ఆరోజు నాదే తప్పండీ అన్నాను. మీరు కాదనలేదండీ."

నేను పెన్ను మూత బిగిస్తున్నాను.

"ఇన్నాళ్లూ మా ఆయన ముందు తలెత్తలేదండీ నేను. నీ మాట కాదని చేను చంపేశానని అన్నం పెడుతూ కూడా ఏడ్చానండీ. అతను ఏమీ అనలేదు. అంటే బాగుండేదండీ." గొంతు పెరగలేదు. అండీ ఒక్కటి కూడా తగ్గలేదు. "మీరు చదువుకున్నారు, ఒప్పుకున్నారు, మా చేను మాకుంచారు. కాదనను. కానీ ఇంక మా చేనుకి మీ చీటీ వద్దండీ. మీరూ రావద్దండీ. ఏం వచ్చినా మా ఆయన్నే అడుగుతాను."

చెప్పి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, బతికిన చేలోకి దిగింది.

"సరేనండీ" అన్నాను.